రెండుసార్లు మోగిన సైరన్

పోయిన వారం మనం క్లెమ్ స్టోల్జ్‌ని ఆటగాళ్ల గది గుమ్మంలో వదిలి వచ్చాం. ముఖం కందగడ్డలా ఉంది, వేలు రీస్ మకార్డెల్ వైపు చూపిస్తోంది, నోరు మాత్రం ఎవరి అదుపులోనూ లేదు. ఆయన అలా ఒంటికాలి మీద లేవడానికి కారణం లేకపోలేదు. నిరుడు ఒక్కటంటే ఒక్క ఆట గెలవని కర్న్‌విల్ జట్టు, ఈ ఏడు కూడా అదే దారిలో నడుస్తున్న జట్టు, ఆ శనివారం మాత్రం పక్క ఊరు నర్రాపూల్ మీద నాలుగు పాయింట్లు ముందుంది. ఆట ముగిసిపోవచ్చింది. సైరన్ మోగింది. మనవాళ్లు చేతులు పైకెత్తేశారు. గోలు ముందు కాపలా కాసే రీస్ కూడా పరుగు ఆపేశాడు. నర్రాపూల్ కుర్రాడొకడు మాత్రం ఆగలేదు. కోడిగుడ్డు ఆకారపు బంతి పట్టుకుని రీస్ పక్కనుంచే పరుగెత్తి గోలు కొట్టేశాడు. ఆ తర్వాత సైరన్ మళ్లీ మోగింది. గోలుకి ఆరు పాయింట్లు వాళ్లవి, రెండు పాయింట్ల తేడాతో ఓటమి మనది. తాను చెయ్యెత్తి ఆట ముగిసిందని చెప్పేదాకా ఎవరూ ఆగకూడదని అంపైరు తేల్చేసి, టోపీ తీసి వెళ్లిపోయాడు.

రీస్ మీద క్లెమ్ పారేసుకున్న మాటల్లో అచ్చు వెయ్యదగినవి తక్కువ. ఆఖరి మాట మాత్రం ఊరంతా విన్నది. "ఇంటికెళ్లి నీ కూతురికి ఏం చెప్తావురా? నాన్న ఆట మధ్యలో నిద్రపోయాడని చెప్తావా?" ఆ కూతురు అక్కడే, నాన్న బూట్లు ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. రీస్ ఆ బూట్లు తీసుకుని, పిల్లని వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. ఆదివారం క్లబ్బు వాళ్లకి కబురు పెట్టాడు, తాను వేరే జట్టుకి మారిపోతానని. జట్టు మారడానికి ఈ సీజన్‌కి ఆఖరి గడువు గురువారం రాత్రి.

రీస్ పోతే ఆ చోట నిలబడటానికి కర్న్‌విల్‌లో ఇంకో మగాడు లేడు. ఈ సంగతి అందరికంటే బాగా తెలిసినవాడు క్లెమ్. అయినా ఆదివారం, సోమవారం, మంగళవారం ఆయన రీస్‌నే తిట్టాడు. తిట్టడానికి రీస్ ఒక్కడే చాలక, బుధవారం పొద్దున ఇంకొకరి మీదికి బయల్దేరాడు.

ఆ ఇంకొకరు స్వయానా ఆయన వదిన అవిస్. మైదానం పక్కన ఎత్తు మీద రేకుల పెట్టె ఒకటుంది. ఆటకి కాలం లెక్క చూసేవాళ్లు అందులో కూర్చుంటారు, మన జట్టు తరఫున ఒకరు, వచ్చిన జట్టు తరఫున ఒకరు. మన తరఫున కూర్చునేది అవిసే. క్లెమ్ అన్నయ్య బతికున్న రోజుల్లో ఆయన కెప్టెన్, ఈవిడ కాలం చూసే మనిషి. ఆయన పోయాడు, ఈవిడ ఆ కుర్చీలోంచి లేవలేదు.

రాత్రి కురిసిన మంచు ఇంకా గడ్డి మీద తెల్లగానే ఉంది. గోధుమ గోదాముల మీద గులాబిరంగు గలా చిలకలు గోల చేస్తున్నాయి. క్లెమ్ తన పికప్ బండిని వదిన వాకిట్లో ఆపి, కుక్క మింటీని బండిలోనే ఉండమని చెప్పి, వెనక తలుపు దగ్గరికి నడిచాడు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకున్నాడు.

"తలుపు తీసే ఉంది. బూట్లు బయట వదులు, ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను," అని లోపల్నించి వినబడింది.

అవిస్ వంటింటి బల్ల దగ్గర నిలబడి నారింజ తొక్కలు సన్నగా తరుగుతోంది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో పంచదార పాకం కుతకుతలాడుతోంది. మేజోళ్లతో నిలబడి పోట్లాడటం ఎంత కష్టమో క్లెమ్‌కి ఆ క్షణంలో తెలిసింది.

"నేను టీ తాగడానికి రాలేదు వదినా."

"నేను పెట్టానా ఏంటి?"

"శనివారం సంగతి తేల్చుకుందామని వచ్చా. టైమెప్పుడో అయిపోయింది. నా వాచీలో చూశాను. నువ్వు మీట నొక్కకుండా ఎటో చూస్తూ కూర్చున్నావ్. లేటుగా నొక్కావ్, చాలదన్నట్టు మళ్లీ ఇంకోసారి నొక్కావ్. దానివల్లే కదా అంపైరు ఆటాపలేదు? ఆ రీస్‌గాడు ఎలాగూ దద్దమ్మ. నువ్వు కూడానా?"

అవిస్ తల ఎత్తలేదు. "బంతి గీత దాటి బయటికి పోయినప్పుడల్లా మేం గడియారం ఆపుతాం. నీ వాచీ ఆగుతుందా?"

క్లెమ్ మణికట్టు మీది వాచీ వైపు చూసుకున్నాడు.

"అరవై ఏళ్లుగా ఆట చూస్తున్నావ్. ఈ ముక్క నీకు తెలీకనా? కోపం వస్తే తెలిసినవన్నీ మర్చిపోతావ్. మీ అన్న కూడా అంతే, కాకపోతే ఆయనకి కాస్త తొందరగా గుర్తొచ్చేవి."

"సరే, వాచీ సంగతి వదిలెయ్. రెండుసార్లు ఎందుకు మోగించావో చెప్పు."

"నేను రెండుసార్లు మోగించలేదు."

"ఊరంతా విన్నది వదినా! నా చెవులతో నేను విన్నా!"

"నేను ఒక్కసారే నొక్కాను. గోలయ్యాక. నర్రాపూల్ ఆవిడ నా పక్కనే ఉంది, ఇద్దరం ఒకే గడియారం చూస్తాం, ఇద్దరం సరే అనుకున్నాకే నొక్కేది. కావాలంటే వెళ్లి ఆవిడ్ని అడుగు."

"మరి మొదట మోగింది ఏంటి?"

అవిస్ కత్తి బల్ల మీద పెట్టింది. చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. మొదటిసారి మరిది ముఖంలోకి చూసింది.

"అది మోగినప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"ఎక్కడుంటాను? నా చోట్లో. గోలు పక్కన, బండిలో."

"ఏం చేస్తున్నావ్?"

"వాచీ చూసుకుంటున్నా."

"చూసుకుని?"

"చూసుకుని ఏముంది... టైమైపోయింది, ఈవిడింకా నొక్కదేంటి, గెలిచే ఆట కాస్తా పోగొట్టేలా ఉందే అని ఒళ్లు మండి..."

అక్కడ ఆగిపోయాడు.

"ఒళ్లు మండి?" అంది అవిస్, మెల్లగా.

క్లెమ్ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. బొటనవేలు కిందికి వంగి ఉంది, ఏదో మీట నొక్కుతున్నట్టు.

ఆ హారన్ సంగతి కొత్తగా చదివేవాళ్లకి చెప్పాలి. క్లెమ్ నలభై ఏళ్లు గోధుమ లారీ తోలాడు. దాన్ని పాత ఇనుములోకి అమ్మేసే రోజున, మనసొప్పక, దాని నెత్తిన ఉన్న రెండు గాలి హారన్లు విప్పి ఇంటికి తెచ్చుకున్నాడు. రెండూ ఒకే రకం, ఒకే గొంతు. ఒకటి తన పికప్ బండికి బిగించుకున్నాడు. మైదానం చుట్టూ బండ్లు ముక్కు లోపలికి పెట్టుకుని ఆట చూడటం, మన జట్టు గోలు కొడితే అందరూ పొట్టిపొట్టిగా హారన్లు మోగించడం ఆ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్నదే. క్లెమ్ హారన్‌కి మాత్రం ఈ రెండేళ్లుగా పని తక్కువ. రెండోది ఇంటి వెనక సామాన్ల గదిలో పడి ఉండేది. ఈ ఏడు సీజన్ మొదట్లో మైదానం సైరన్ పాడైపోతే, కొత్తది కొనడానికి క్లబ్బు తటపటాయిస్తుంటే, "నా దగ్గర ఒకటుంది, తీసుకోండి" అని క్లెమే ఇచ్చాడు. తనే నిచ్చెనెక్కి రేకుల పెట్టె మీద బిగించాడు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు ఓ పళ్లెం నిండా కేకులు చేసిచ్చారు. కర్న్‌విల్ మొత్తంలో ఒక్కడికీ అప్పుడు తట్టలేదు, ఒకే గొంతున్న హారన్ ఒకటి పెట్టె మీద, ఇంకోటి మైదానం అంచున ఓపిక లేని మనిషి చేతి కింద ఉందని.

"కొట్టాను," అన్నాడు క్లెమ్.  "గట్టిగా, నీకు వినబడాలని. కానీ నేను కొట్టినప్పుడే నువ్వూ..."

"నేను కొట్టలేదు క్లెమ్."

పాకం పొంగి పొయ్యి మీద పడింది. అవిస్ వెళ్లి మంట తగ్గించింది. క్లెమ్ అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సిగ్గుతో ఆయన ఒళ్లంతా వేడెక్కిపోయింది. ఇన్నాళ్లూ ఈ జట్టు ఆయన కడుపు మండించింది. తప్పిన ప్రతి గోలుకీ, జారిన ప్రతి బంతికీ ఎవడో ఒకడి పేరు పెట్టి తిట్టాడు. తిట్టే హక్కు తనకుందనుకున్నాడు, ఎందుకంటే ఒక్క ఆట కూడా వదలకుండా చూసినవాడు తను. తీరా గెలవబోయిన ఒక్క ఆటని పోగొట్టింది ఎవరో ఆ వంటింట్లో తెలిసింది.

"ఎవరెవరికి తెలుసు?" అని అడిగాడు.

"నాకు. నా పక్కన కూర్చున్నావిడకి. ఆవిడెందుకు చెప్తుంది, వాళ్లు గెలిచారుగా."

"నువ్వెందుకు చెప్పలేదు మరి?"

"చెప్తే నమ్మేవాడివా? నన్ను తిట్టడానికైనా వస్తావని తెలుసు. వచ్చాక నీ నోటితోనే వస్తుందనుకున్నా. కాకపోతే ఆదివారమే వస్తావనుకున్నా, ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు."

"రీస్‌కి తెలుసా?"

అవిస్ మళ్లీ కత్తి తీసుకుంది కానీ తరగలేదు. "శనివారం సాయంత్రం వాడి కారు దగ్గరికెళ్లి అడిగా. మొదటిది పెట్టె మీంచి రాలేదురా, చెప్పుకోవేంటి అన్నా. 'వదిలెయ్ పిన్నీ' అన్నాడు. అంతే. పిల్లని ఎక్కించుకుని వెళ్లిపోయాడు."

క్లెమ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. హారన్ మోగాక రీస్ పరుగు ఆపి, మెడ తిప్పి సూటిగా తన బండి వైపు చూశాడు. ఆ తర్వాతే చేతులు దించేశాడు. ఆ చూపుని క్లెమ్ అప్పుడు తప్పు చేసినవాడి బిత్తరచూపు అనుకున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే వేరేగా ఉంది. వాడికి తెలుసు. తెలిసి, అందరి ముందూ తను అన్ని మాటలంటుంటే, కన్నకూతురి ఎదుట అంటుంటే, నోరు విప్పలేదు.

"నన్ను కాపాడాడా వదినా?"

"నాకేం తెలుసు? నేనైతే అలాగే అనుకుంటున్నా. మరి కాపాడినవాణ్ణి ఏం చెయ్యాలో నీకు తెలుసుగా."

"తెలుసు."

"రేపు సాయంత్రం క్లబ్బు భోజనానికి అందరూ ఉంటారు," అంది అవిస్. "ఇప్పుడు టీ తాగుతావా?"

తాగాడు. ఏ రుచీ తెలియలేదు.

అక్కణ్ణించి తిన్నగా రొట్టెల కొట్టుకి వెళ్లాడు. రీస్ పనిచేసేది అక్కడే. రోజూ పొద్దున్నే వేడివేడి మాంసం కూరిన రొట్టె ఒకటి కొనుక్కుని బండిలో కూర్చుని తినడం క్లెమ్ అలవాటు. శనివారం తర్వాత కొట్టు గడప తొక్కలేదు. కొట్టు యజమానురాలు ఆయన్ని చూసి పలకరించలేదు, రొట్టె మాత్రం సంచిలో వేసి బల్ల మీద పెట్టింది.

"రీస్ ఉన్నాడా?"

"లేడు. రెండ్రోజులు సెలవు పెట్టాడు. నర్రాపూల్ వెళ్లాడు."

"నర్రాపూల్‌కా? ఎందుకు?"

"నన్నడుగుతారేంటి? మీ నోటి పుణ్యమే అయ్యుంటుంది."

 క్లెమ్ బండి దగ్గరికి వెళ్లి రొట్టె మింటీకి పెట్టేశాడు.

గురువారం సాయంత్రం క్లబ్బు హాల్లో అందరూ కలిసి భోంచేస్తారు. ఆటగాళ్లు సాధన ముగించుకుని తడి జుట్టుతో వస్తారు, ఆడవాళ్లు గుమ్మడికాయ సూపు, సాసేజిలు, బంగాళాదుంప ముద్ద వడ్డిస్తారు. ఆ తర్వాత కోచ్ షోన్ డుగాన్ లేచి శనివారం ఎవరెవరు ఆడతారో చదువుతాడు. చదువుతుంటే వెనక బల్ల దగ్గర్నించి క్లెమ్ ఒక్కో పేరుకీ ఒక్కో విసురు విసరడం, జనం నవ్వడం కూడా కార్యక్రమంలో భాగమే. ఫలానావాడి పేరు వస్తే "వాడి ముసలమ్మ ఆడినా ఇంతకంటే పరుగెత్తేది" అంటాడు, ఇంకొకడి పేరు వస్తే "బంతి గుండ్రంగా ఉండదని వాడికెవరైనా చెప్పండి" అంటాడు. ఇన్ని ఓటముల మధ్య జనం నవ్వుకున్నది ఆ మాటలకే.

ఆ రోజు ఆయన ముందున్న సూపు చల్లారిపోయింది. వంటగది కిటికీలోంచి అవిస్ చూస్తోంది. రీస్ కుర్చీ ఖాళీగా ఉంది.

డుగాన్ లేచాడు. జట్టు పేర్లు ఎప్పుడూ వెనక వరస నుంచే మొదలవుతాయి కాబట్టి మొదటి పేరు రీస్‌దే కావాలి.

"గోలు ముందు..." అని ఆగాడు. "గోలు ముందు ఎవరన్నది ఇంకా తేలలేదు."

 ఎవరో కుర్రాడు అరిచాడు. "క్లెమ్ తాతని నిలబెట్టండి! అవతలివాణ్ణి నోటితోనే ఆపేస్తాడు!"

నవ్వులు. క్లెమ్ లేచి నిలబడ్డాడు. ఏదో గట్టి విసురు వస్తుందని అందరూ ఆయన వైపు తిరిగారు.  మాట కోసం వెతుక్కున్నాడు. జీవితమంతా ఎదుటివాళ్ల తప్పులు చెప్పడానికి తడుముకోని మనిషికి, తన తప్పు చెప్పడానికి మొదటి ముక్క దొరకలేదు. కుర్చీ వెనక్కి తోసి బయటికి నడిచాడు.

"అరె, కోపమొచ్చినట్టుందిరా," అన్నాడు ఇంకొకడు.

"ఆయనక్కోపం లేనిదెప్పుడు?" అని డుగాన్ మళ్లీ చదవబోయాడు.

అప్పుడు మోగింది. హాలు గోడలు అదిరేలా, ఒకే ఒక్క పొడుగాటి మోత.

చేతుల్లో గరిటెలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆటగాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కెప్టెన్ కిటికీ దగ్గరికి వెళ్లి మైదానం వైపు చూశాడు. రేకుల పెట్టె చీకట్లో ఉంది, దానికి తాళం వేసి ఉంది. మోత ఆగింది. తలుపు తెరుచుకుంది. క్లెమ్ లోపలికి వచ్చి, ఈసారి వెనక బల్ల దగ్గరికి వెళ్లకుండా, హాలు మధ్యలో నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది.

"అది సైరన్ కాదు. నా బండి. శనివారం మొదట మోగింది కూడా ఇదే. మా వదిన నొక్కలేదు. నేను నొక్కాను."

కెప్టెన్ కిటికీ దగ్గర్నించి వెనక్కి తిరిగాడు.

"టైమైపోయిందనుకున్నా. అవ్వలేదు. తొందరపడ్డాను. గెలిచే ఆట పోగొట్టింది రీస్ కాదు, మీలో ఎవరూ కాదు. నేను. పైగా వాణ్ణి పట్టుకుని నేనన్న మాటలు..."  టోపీని రెండు చేతులా నలిపాడు. "ఆ మాటలు నన్నే అనండి. అన్నీ అనండి. వాణ్ణి మాత్రం పోనివ్వకండి."

కుర్రాళ్లలో ఒకడు "ఓరి దేవుడా" అన్నాడు. ఒక పెద్దాయన ముఖం చేతుల్లో దాచుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియకుండా ఊగిపోతున్నాడు. డుగాన్ చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇలాంటిదానికి ఏం అనాలో అతనికి ఎవరూ నేర్పలేదు. చివరికి, "కూర్చో క్లెమన్నా, సూపు వేడి చేసిస్తారు," అన్నాడు.

ఆ మాటతో క్లెమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిడతారనుకున్నాడు. తిడితే బాగుండేది.

"నాకు సూపెందుకు? వాడికి కబురు పెట్టండి. గడువింకా ఉందిగా?"

"కబురక్కర్లేదు," అని తలుపు దగ్గర్నించి వినబడింది.

రీస్ మకార్డెల్ అక్కడే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. చేతిలో మడత పెట్టిన జట్టు బనియను ఉంది, ఇస్త్రీ చేసి ఉంది. జనం లేచి దారిచ్చారు. అవిస్ వంటగదిలోంచి బయటికి వచ్చేసింది. అతను తిన్నగా నడిచి క్లెమ్ ఎదుటికి వచ్చి ఆగాడు.

"విన్నావా?" అన్నాడు క్లెమ్. "అంతా విన్నావా?"

"విన్నాను బాబాయ్. బయటే ఉన్నా."

"నన్ను క్షమించరా. నువ్వు తెలిసి కూడా నోరు మెదపలేదు. నా పరువు కోసం నీ పరువు పోగొట్టుకున్నావ్. నేనేమో నీ పిల్ల ముందు..."

"ఆగు బాబాయ్. నీ కోసం కాదు." రీస్ బనియనుని పక్కనున్న బల్ల మీద పెట్టాడు. ముఖం పాలిపోయి ఉంది. "నువ్వు ఇంతమందిలో నిజం చెప్పావ్. ఇప్పుడు నేను చెప్పకపోతే బాగోదు. ఎనిమిదేళ్లుగా అదే గోలు ముందు నిలబడుతున్నాను. సైరన్ మోగితే నాకు ఎదుటివైపు నించి వినబడుతుంది. నీ హారన్ నా వీపు వెనక మోగుతుంది. ఆ రెంటికీ తేడా నాకు తెలీదా?"

క్లెమ్‌కి అర్థం కాలేదు. "తెలిస్తే మరి ఎందుకు ఆగావురా?"

రీస్ కోచ్ వైపు చూశాడు, జట్టువాళ్ల వైపు చూశాడు, మళ్లీ క్లెమ్ వైపు తిరిగాడు.

"అది సైరన్ కాదని తెలిసే ఆగాను. ఆ గోలు పోనివ్వడానికి నాకో సాకు కావాల్సి వచ్చింది బాబాయ్. సరిగ్గా అప్పుడే నువ్వు హారన్ కొట్టావ్."